గెలవని జట్టు, నిండిన స్టేడియం: క్లీవ్‌ల్యాండ్ బ్రౌన్స్ అభిమానులది ఏం పిచ్చి?

కెంట్ కుర్రాడు
అందరికీ నమస్తే. నిరుడు మాస్టర్స్ చేయడానికి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కెంట్ వచ్చాను. ఇక్కడ సెప్టెంబర్ మొదలైతే చాలు, వాల్‌మార్ట్‌లో బిల్లు కొట్టే పెద్దావిడ దగ్గర్నుంచి మా ప్రొఫెసర్ దాకా అందరూ నారింజ, గోధుమ రంగు బట్టల్లో తిరుగుతుంటారు. అవి పక్కనున్న క్లీవ్‌ల్యాండ్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రంగులు, జట్టు పేరు బ్రౌన్స్. వివరాలు వెతికి చూస్తే దిమ్మతిరిగింది. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, ఆడలేదు. 2016లో 16 మ్యాచుల్లో ఒకటి గెలిచారు. 2017లో అదీ లేదు, 16కి 16 ఓటములే. అయినా సీజన్ టికెట్లు కొంటారు, చలిలో నిలబడతారు, ఓడిపోయి ఇంటికొస్తారు, మళ్లీ ఆదివారం వెళ్తారు. ఎగతాళికి అడగడం లేదండీ, నిజంగానే తెలుసుకోవాలని ఉంది. ఎందుకు?

పసుపు నలుపు
పిట్స్‌బర్గ్ నుంచి పలకరింపులు. మా దగ్గర ఆరు సూపర్ బౌల్ ట్రోఫీలు ఉన్నాయి తమ్ముడూ. కారెక్కితే రెండు గంటలు కూడా పట్టదు. వచ్చేయ్.

ఏరీ ఒడ్డు
వచ్చాడండీ పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టు ఆసామి, పిలవకుండానే.

బాబూ, నువ్వు చూసిన లెక్క 1967 జనవరి తర్వాతది. మొదటి సూపర్ బౌల్ అప్పుడు జరిగింది. అంతకు ముందు కూడా ఫుట్‌బాల్ ఉంది, అప్పుడు మా క్లీవ్‌ల్యాండ్‌దే రాజ్యం. జట్టు 1946లో పుట్టింది. మొదటి కోచ్ పాల్ బ్రౌన్, జట్టుకి ఆయన పేరే. ఇప్పటి ఈ పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి పోటీగా అప్పట్లో ఏఏఎఫ్‌సీ అని ఇంకో లీగ్ ఉండేది. అది నాలుగేళ్లు నడిచింది, నాలుగేళ్లూ కప్పు వీళ్లదే. 1950లో ఎన్‌ఎఫ్‌ఎల్‌లోకి వస్తే, చిన్న లీగ్ వాళ్లు ఇక్కడ తేలిపోతారులే అనుకున్నారు. వచ్చిన ఏడాదే ఛాంపియన్లయ్యారు. తర్వాత 54, 55, మళ్లీ 64. జిమ్ బ్రౌన్ తొమ్మిది సీజన్లు ఆడితే ఎనిమిదింటిలో లీగ్ మొత్తం మీద బంతి పట్టుకుని ఎక్కువ యార్డులు పరిగెత్తింది ఆయనే. ఇక్కడి ముసలివాళ్లు ఓడిపోయే జట్టుని ప్రేమించడం మొదలుపెట్టలేదు. గెలిచే జట్టుని ప్రేమించారు. అది వాళ్ల కళ్ల ముందే ఓడిపోవడం మొదలుపెట్టింది.

నేను 1984లో రెసిడెన్సీకి వచ్చాను. నాకీ జబ్బు అంటించింది మా వార్డు నర్సులు. ఆ రోజుల్లోనే హాన్‌ఫర్డ్ డిక్సన్, ఫ్రాంక్ మినిఫీల్డ్ అనే ఇద్దరు కార్నర్‌బ్యాక్‌లు (ఎదుటి జట్టు పాసుల్ని అడ్డుకునేవాళ్లు) ప్రాక్టీసులో కుక్కల్లా మొరుగుతూ తోటివాళ్లని రెచ్చగొట్టేవాళ్లు. అది చూసి చౌక టికెట్ల బెంచీల్లో కూర్చునే జనం కూడా మొరగడం మొదలుపెట్టారు. ఆ మూలకి 'డాగ్ పౌండ్' అని పేరు. ముఖాలకి కుక్క మాస్కులు, చేతిలో కుక్క బిస్కెట్లు. బిస్కెట్లు ఎదుటి జట్టు మీద విసరడానికి లెండి, తినడానికి కాదు.

1987 జనవరి 11న డ్యూటీలో ఉన్నాను. ఇంకొక్క మ్యాచ్ గెలిస్తే సూపర్ బౌలే. ఒక పేషెంట్ గదిలో టీవీ నడుస్తోంది. ఆయన ఫోర్డ్ ప్లాంట్‌లో కార్మికుడు, హెర్నియా ఆపరేషన్ అయింది. మనవాళ్లు 20-13 ముందున్నారు, ఐదున్నర నిమిషాల ఆట మిగిలింది, డెన్వర్ వాళ్లు తమ సొంత గోల్ గీతకి రెండు యార్డుల దూరంలో ఇరుక్కుపోయారు. మా పేషెంట్ కుట్ల మీద దిండు అదిమిపట్టుకుని మొరుగుతున్నాడు. దగ్గితేనే నొప్పి అని పొద్దున నాకు చెప్పిన మనిషి! అక్కణ్నుంచి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపించేవాడు) జాన్ ఎల్వే ఇంకో చివర దాకా 98 యార్డులూ నడిపించుకొచ్చాడు. 37 సెకన్లు ఉండగా స్కోరు సమం. ఓవర్‌టైమ్‌లో డెన్వర్ వాళ్లు బంతి తన్ని ఫీల్డ్ గోల్ కొట్టారు, 23-20. పేషెంట్ టీవీ కట్టేయమన్నాడు, నొప్పికి మందిమ్మన్నాడు.

ఇప్పటికీ ఈ ఊళ్లో 'ది డ్రైవ్' అంటే చాలు, ఇంకేమీ చెప్పక్కర్లేదు. సరిగ్గా ఏడాదికి మళ్లీ అదే డెన్వర్, మళ్లీ అదే మెట్టు. స్కోరు సమం చేయబోతూ మన ఎర్నెస్ట్ బైనర్ గీత ముందర బంతి జారవిడిచాడు. దాని పేరు 'ది ఫంబుల్'. ఆ రోజు మ్యాచ్‌ని అంత దూరం లాక్కొచ్చింది కూడా బైనరే, ఆ సంగతి మాత్రం ఎవరూ చెప్పరు.

గచ్చిబౌలి గ్యాలరీ
అంటే ఆర్‌సీబీ కథే కదా సార్. 'ఈసారి కప్పు మనదే' అనుకుంటూ 2025 దాకా గడిపేశారు వాళ్లు కూడా.

ఏరీ ఒడ్డు
సగం వరకే. ఆర్‌సీబీ ఓడినా బెంగళూరులోనే ఉంది. వీళ్ల జట్టుని ఊళ్లోంచి పట్టుకెళ్లిపోయారు. కెంట్ అడిగినదానికి అసలు జవాబు ఓటముల్లో లేదు, 1995లో ఉంది.

ఓనర్ ఆర్ట్ మోడెల్. 1961లో జట్టుని కొన్నాడు, రెండేళ్లు తిరగకుండా పాల్ బ్రౌన్‌ని పంపించేశాడు. తొంభైల్లో బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ జట్లకి ఊళ్లో కొత్త మైదానాలు వచ్చాయి. ఈయనకి పాత మున్సిపల్ స్టేడియమే మిగిలింది. 1995 నవంబర్ 6న బాల్టిమోర్‌లో వేదిక మీద నిలబడి జట్టుని అక్కడికి తీసుకెళ్తున్నానని ప్రకటించాడు. ఆ మర్నాడే ఇక్కడ ఓటింగ్ ఉంది. స్టేడియం బాగు చేయడానికి మందు మీద, సిగరెట్ల మీద పన్ను పొడిగించాలా వద్దా అని. జట్టు పోతోందని తెలిసి కూడా జనం భారీ మెజారిటీతో 'సరే' అన్నారు. మోడెల్ మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

తర్వాత ఆరు వారాలు ఈ ఊరు ఎలా ఉందో చెప్పలేను. స్టేడియంలో ప్రకటన బోర్డులు కంపెనీలే తీసేయించుకున్నాయి. లీగ్‌లోని మిగతా ఓనర్ల ఆఫీసులకి ఫ్యాక్సుల మీద ఫ్యాక్సులు వెళ్లాయి. మేయర్ మైకేల్ వైట్ ఊరూరా తిరిగాడు, కోర్టుకెక్కాడు. డిసెంబర్ 17న ఇక్కడ ఆఖరి మ్యాచ్, సిన్సినాటితో. మనవాళ్లే గెలిచారు, 26-10. ఎగువ వరసల్లోంచి జనం కుర్చీలు ఊడబీకి మైదానంలోకి విసిరేస్తున్నారు. ఆ పక్క వెళ్లి ఆడటం కుదరక చివర్లో రెండు జట్లనీ రెండో వైపుకి మార్చి ఆడించారు. మ్యాచ్ అయ్యాక ఆటగాళ్లు డాగ్ పౌండ్ దగ్గరికి పరిగెత్తి, గోడ మీదుగా వంగిన జనాన్ని కౌగిలించుకుని ఏడ్చారు.

1996 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. ఆటగాళ్లు, సిబ్బంది బాల్టిమోర్‌కి. పేరు, రంగులు, రికార్డులు, ఛాంపియన్‌షిప్‌లు క్లీవ్‌ల్యాండ్‌కి. 1999లో జట్టుని మళ్లీ ఇవ్వాలి. అంతకు ముందు ఏ ఊరికీ ఇలాంటిది దక్కలేదు. నాయకులు, లాయర్లు తలో చెయ్యి వేశారు, కాదనను. కానీ జనం అంత గొడవ చేయకపోతే లీగ్ పట్టించుకునేదా?

పాత స్టేడియం పడగొట్టి ఆ కాంక్రీటు ఏరీ సరస్సులో వేశారు, చేపలు గూడు కట్టుకోవడానికి. ఇప్పుడక్కడ గాలం వేసేవాళ్లున్నారు.

గచ్చిబౌలి గ్యాలరీ
ఇది నాకు తెలీదు సార్. చదువుతుంటే డెక్కన్ ఛార్జర్స్ గుర్తొచ్చి ఒళ్లు మండింది. 2008లో ఆఖరి స్థానం. 2009లో దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ కెప్టెన్సీలో కప్పు. 2012లో ఓనర్ల డబ్బు గొడవల్లో జట్టే లేకుండా పోయింది. సన్‌రైజర్స్ వచ్చారు, 2016లో కప్పు కొట్టారు, బ్రహ్మాండం. కానీ 2009 కప్పు ఎవరి ఖాతాలో ఉంది? హైదరాబాద్ కప్పులెన్ని అని అడిగితే రికార్డుల పుస్తకం ఒకటి అంటుంది, ఉప్పల్‌లో మ్యాచులు చూసినవాడు రెండు అంటాడు. మనం రోడ్డెక్కలేదు, ఫ్యాక్సులు పంపలేదు. మర్నాడు కొత్త జెర్సీ కొనుక్కున్నాం.

పసుపు నలుపు
అసలు మజా చెప్పడం మర్చిపోయారు డాక్టరు గారు. బాల్టిమోర్‌కి పోయినవాళ్లు రేవెన్స్ అయి, ఐదో సీజన్‌కే, 2001 జనవరిలో, సూపర్ బౌల్ కొట్టేశారు. ఆ జట్టుని కూర్చింది ఓజీ న్యూసమ్. బ్రౌన్స్‌కి పదమూడేళ్లు ఆడిన మనిషి!

ఏరీ ఒడ్డు
మర్చిపోలేదు నాయనా. చెప్పబుద్ధి కాలేదు. 1999లో తిరిగొచ్చిన మొదటి మ్యాచ్‌లో మీవాళ్లు మమ్మల్ని 43-0తో కొట్టారు. అదీ మర్చిపోలేదు.

డాలస్ మావయ్య
ఇంత కన్నీళ్లు అక్కర్లేదనిపిస్తోంది, ఏమనుకోకండి. ఇది వ్యాపారం. ఓనర్‌కి ఎక్కడ డబ్బొస్తే అక్కడికి వెళ్తాడు. మా ఓనర్ జెర్రీ జోన్స్ జట్టు డాలస్ కౌబాయ్స్ 1996 తర్వాత సూపర్ బౌల్ మొహం చూడలేదు, అయినా లీగ్‌లో అందరికన్నా విలువైన జట్టు మాదే. అభిమానం అంటే ఓనర్ జేబులో మన చెయ్యి కాదు, మన జేబులో ఓనర్ చెయ్యి. నిజంగా జట్టు జనానిది అవ్వాలంటే గ్రీన్ బే ప్యాకర్స్‌లా ఉండాలి. 5 లక్షలకు పైగా వాటాదార్లు, వాళ్లకి లాభం రాదు, వాటా బయట అమ్ముకోవడానికి లేదు, జట్టుని ఎవరూ ఎత్తుకుపోలేరు. మిగతా 31 జట్ల అభిమానులూ అద్దె ఇంటికి సొంత డబ్బుతో సున్నం వేయించుకునేవాళ్లే.

వంటింటి క్వార్టర్‌బ్యాక్
మావయ్య గారూ, మీతో సగం ఒప్పుకుంటాను. నా మాట కూడా వినండి, ఈ థ్రెడ్‌లో ఆడవాళ్లెవరూ మాట్లాడలేదు కాబట్టి.

మాది పార్మా. పెళ్లయి వచ్చిన కొత్తలో మావారి పక్కన కూర్చుని చూడటం మొదలుపెట్టాను, తర్వాత ఆయన నిద్రపోతే నేను ఒక్కదాన్నే చూసేదాన్ని. సీజన్ టికెట్లు కొన్నాం. స్టేడియం దగ్గర మునీ లాట్ పార్కింగ్‌లో మడత స్టవ్ పెట్టి నేను మిరపకాయ బజ్జీలు వేసేదాన్ని. పక్కన పాత స్కూల్ బస్సుకి నారింజ రంగు వేసుకుని వచ్చే పోలిష్ కుటుంబం ఉండేది. వాళ్లు పియరోగీలు ఇచ్చేవాళ్లు, బంగాళాదుంప, చీజ్ పెట్టి వేయించినవి. మొదటిసారి బజ్జీ తిన్నప్పుడు వాళ్ల తాతగారు కళ్లు తుడుచుకుని, చలికి ఇంతకన్నా మంచి మందు లేదు అని ఇంకో మూడు కాగితంలో చుట్టించుకుని లోపలికి పట్టుకెళ్లారు.

2022లో క్వార్టర్‌బ్యాక్‌గా డెషాన్ వాట్సన్‌ని తెచ్చారు. మసాజ్ సెషన్లలో లైంగికంగా వేధించాడని ఇరవై మందికి పైగా ఆడవాళ్లు ఆయన మీద సివిల్ కేసులు వేసి ఉన్నారు అప్పటికి. ఆయన తప్పేమీ చేయలేదన్నాడు, గ్రాండ్ జ్యూరీలు నేరారోపణ చేయలేదు, అదీ చెప్పాలి. కానీ లీగే తర్వాత 11 మ్యాచులు పక్కన పెట్టింది, 50 లక్షల డాలర్లు జరిమానా వేసింది. అలాంటి సమయంలో మనవాళ్లు కొత్త కుర్రాళ్లని ఎంచుకునే డ్రాఫ్టులో మూడు మొదటి రౌండ్ అవకాశాలు ధారపోసి, 23 కోట్ల డాలర్లు పైసాతో సహా గ్యారంటీ రాసిచ్చారు. 0-16 నాకు బాధ అనిపించింది కానీ సిగ్గు అనిపించలేదు. ఇది సిగ్గు అనిపించింది. టికెట్లు వదిలేశాం. జెర్సీ కట్టి అటక మీద పెట్టాను.

మొదటి మూడు సీజన్లలో 19 మ్యాచులు ఆడాడు, తర్వాత గాయాలు. నేను చెప్పేది ఆట గురించి కాదు. బాగా ఆడి ఉంటే ఇంకా కష్టమయ్యేది నాకు.

కెంట్ కుర్రాడు
అక్కా, మరి ఇప్పుడు చూస్తున్నారా?

వంటింటి క్వార్టర్‌బ్యాక్
ఆ సీజన్ చూడలేదు. ఆదివారాలు గుడికి వెళ్లాను, ఇల్లు సర్దాను, వంటింట్లో రేడియో మాత్రం పెట్టుకునేదాన్ని. మావారు నవ్వేవారు. 2023లో వాట్సన్ గాయపడ్డాక 38 ఏళ్ల జో ఫ్లాకోని ఇంట్లోంచి లేపి తీసుకొచ్చారు. ఒకప్పుడు బాల్టిమోర్‌కి సూపర్ బౌల్ గెలిపించిన ఆయన్నే! నాలుగు వరస విజయాలతో ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్లాడు. అప్పుడు మళ్లీ టీవీ ముందుకొచ్చాను. జెర్సీ ఇంకా అటక మీదే ఉంది. ఓనర్ మీద కోపం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని నా అభిప్రాయం.

అక్రన్ అన్నయ్య
నేను సున్నా ఊరేగింపుకి వెళ్లినవాణ్ని, నాకు మాట్లాడే హక్కుంది 🙂

కెంట్ తమ్ముడు 0-16 అన్నాడు కదా. 2018 జనవరి 6, శనివారం. మామూలుగా ఛాంపియన్ జట్లకి ఊరేగింపు చేస్తారు. ఇక్కడ అన్నీ ఓడిపోయినందుకు 'పర్‌ఫెక్ట్ సీజన్ పరేడ్' అని అభిమానులే పెట్టుకున్నారు. ముక్కు ఊడిపోయే చలి. వేలమంది వచ్చారు. స్టేడియం చుట్టూ గుండ్రంగా నడిచాం, పైనుంచి చూస్తే సున్నా కనబడాలని. ఒకాయన శవపేటిక మోసుకొచ్చాడు, దాని మీద 1999 నుంచి ఆడిన క్వార్టర్‌బ్యాక్‌ల పేర్లు రాసుకొచ్చాడు, చోటు సరిపోలేదు. విరాళాలు ఫుడ్ బ్యాంక్‌కి వెళ్లాయి.

ఇది జట్టుకి అవమానం అని కొందరు ఆటగాళ్లు నొచ్చుకున్నారు. వాళ్ల వైపు నుంచి నిజమే. మాకు మాత్రం ఏడవడమో నవ్వడమో తప్ప మూడో దారి లేదు. ఆ సెప్టెంబర్‌లో జెట్స్ మీద 21-17తో గెలిచినప్పుడు, 635 రోజుల తర్వాత మొదటి గెలుపు, ఊళ్లో బార్లలో గొలుసులు కట్టి పెట్టిన బీరు ఫ్రిజ్‌లు తెరుచుకున్నాయి. గెలిస్తేనే తెరుచుకునేలా కంపెనీ పెట్టింది. ప్రకటనే, తెలుసు. అయినా ఆ రాత్రి ముక్కూమొహం తెలియనివాళ్లు నన్ను వాటేసుకున్నారు.

పసుపు నలుపు
నిజం చెప్పాలంటే నేను మీ వాళ్లని చూసి ఒక్కసారి అసూయపడ్డాను. 2021 జనవరి 10, మా ఊళ్లో ప్లేఆఫ్. అప్పటి మీ కోచ్ స్టెఫాన్‌స్కీకి కోవిడ్, ఇంట్లో కూర్చుని టీవీలో చూస్తున్నాడు. మొట్టమొదటి బంతే మా క్వార్టర్‌బ్యాక్ రోత్‌లిస్‌బర్గర్ తల మీదుగా పోయింది, మీవాళ్లు గోల్ గీత వెనక ఎండ్ జోన్‌లో పడి పట్టుకుని పాయింట్లు కొట్టారు. మొదటి క్వార్టర్ అయ్యేసరికి 28-0. ఆఖరికి 48-37. మేము ఆరు కప్పులు గెలిచినప్పుడు కూడా మీ ఊరు ఆ ఒక్క రాత్రి చేసినంత గోల చేసి ఉండం.

వారానికే కాన్సస్ సిటీలో ఓడిపోయారు, అది వేరే విషయం.

ఏరీ ఒడ్డు
1995 జనవరి తర్వాత మొదటి ప్లేఆఫ్ గెలుపు బాబూ అది. గోల చేయమా మరి?

ఆటగాళ్లలోనూ ఇలాంటివాడు ఒకడున్నాడు, అతన్ని వదిలేస్తే ఈ థ్రెడ్‌కి అర్థం లేదు. జో థామస్. 2007 డ్రాఫ్టులో మూడో ఎంపిక. ఆ రోజు న్యూయార్క్ వేదిక మీదికి రమ్మంటే వెళ్లకుండా నాన్నతో పడవలో చేపలు పట్టడానికి పోయాడు. లెఫ్ట్ టాకిల్ అంటే క్వార్టర్‌బ్యాక్ వెనకనుంచి దెబ్బ తినకుండా కాచేవాడు. బంతి ముట్టుకోడు, స్కోరుబోర్డులో పేరు రాదు. వరసగా 10,363 ప్లేలు ఒక్కటీ తప్పకుండా ఆడాడు. అతని కళ్ల ముందు క్వార్టర్‌బ్యాక్‌లు మారారు, కోచ్‌లు మారారు, ఓనర్ మారాడు. పదకొండు సీజన్లలో ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడలేదు. వేరే జట్టుకి పోతే కప్పు దొరికేదేమో. ఇక్కడే రిటైరయ్యాడు. 2023లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. అది ఇక్కడికి గంట దూరంలోని క్యాంటన్‌లోనే ఉంది, కెంట్ నుంచి ఇంకా దగ్గర. వెళ్లి చూడు.

డాలస్ మావయ్య
థామస్ విషయంలో నోరు మూసుకుంటాను. కానీ డాక్టరు గారూ, మీరు గెలిచామన్న యుద్ధం మళ్లీ మొదలైంది కదా? బ్రూక్ పార్క్ సంగతి చెప్పరేం?

అక్రన్ అన్నయ్య
చెప్తా. ఇప్పటి ఓనర్లు హస్లమ్ కుటుంబం సరస్సు ఒడ్డున ఉన్న స్టేడియం వదిలేసి, ఎయిర్‌పోర్టు పక్కన బ్రూక్ పార్క్‌లో పైకప్పున్న స్టేడియం కడతామంటున్నారు. 2025 నాటి అంచనా 240 కోట్ల డాలర్లు. అందులో 60 కోట్లు రాష్ట్రం ఇస్తానంది, జనం క్లెయిమ్ చేయకుండా వదిలేసిన సొమ్ములోంచి. మోడెల్ పోయాక 1996లో ఒహాయో ఒక చట్టం చేసుకుంది. ప్రజల డబ్బు తీసుకున్న జట్టు ఊరు వదలాలంటే ముందే నోటీసివ్వాలి, కొనుక్కునే అవకాశం స్థానికులకి ఇవ్వాలి. కొలంబస్ సాకర్ జట్టుని 2018లో నిలబెట్టుకోవడానికి ఆ చట్టం పనికొచ్చింది. 2025లో దాన్ని రాష్ట్రం దాటి వెళ్లే జట్లకి మాత్రమే అని కుదించేశారు.

వంటింటి క్వార్టర్‌బ్యాక్
ఏరీ సరస్సు గాలి లేకపోతే అది బ్రౌన్స్ మ్యాచే కాదు.

ఏరీ ఒడ్డు
నా మోకాళ్లని అడిగితే పైకప్పే కావాలంటాయమ్మా. ఆ స్థలం పాత ఫోర్డ్ ప్లాంటుదే. నా హెర్నియా పేషెంట్ పనిచేసింది అక్కడేనేమో! జట్టు జిల్లా దాటడం లేదు కాబట్టి ఇది 1995 కాదు. కానీ ప్రజల డబ్బు అడిగే తీరు చూస్తే ఆ వాసన వస్తోంది. ఇందులో డాలస్ మావయ్య గారే కరెక్టు.

గచ్చిబౌలి గ్యాలరీ
స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

కెంట్ కుర్రాడు
ఇంత చదివాక టీవీలో చూస్తే చాలదనిపిస్తోంది. డిసెంబర్‌లో ఒక మ్యాచ్‌కి మా రూమ్మేట్లం నలుగురం వెళ్దామనుకుంటున్నాం. మొదటిసారి. ఏం తెచ్చుకోవాలి?

వంటింటి క్వార్టర్‌బ్యాక్
బ్యాగు పారదర్శకంగా ఉండాలి, లేకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. లోపల థర్మల్స్, పైన రెండు పొరలు, దాని మీద గాలి ఆపే జాకెట్. రెండు జతల సాక్స్. అట్టపెట్టె చింపి ముక్క తీసుకెళ్లండి, కాళ్ల కింద వేసుకుని నిలబడితే కాంక్రీటు చలి ఎక్కదు. స్టేడియంలో శాకాహారం దొరకడం కష్టం, బయటే తిని వెళ్లండి.

అక్రన్ అన్నయ్య
టికెట్లు ముందే కొనొద్దు. ఓడిపోతుంటే డిసెంబర్‌లో రీసేల్‌లో రేటు పడిపోతుంది. ఓడిపోతారు, కంగారుపడకు.

ఏరీ ఒడ్డు
ఒంటిగంట మ్యాచ్ అయితే మునీ లాట్ ఉదయం ఏడింటికి తెరుస్తారు. ఆరున్నరకే కార్ల లైను మొదలవుతుంది. ఏడున్నరకి వచ్చి చోటు దొరకలేదని నాకు ఫోన్ చెయ్యకు.

కెంట్ కుర్రాడు
అంటే ఐదింటికి లేవాలి. మా రూమ్మేట్లు క్లాసుకే లేవరు సార్. సరే, చూస్తాను.